బావతో మాట్లాడే గొంతు

గోదావరిఖని చౌరస్తాలో నాకు ఫోన్ బూత్ ఉన్న రోజుల్లో, ఆదివారం పొద్దున్నే ఒకాయన వచ్చేవాడు. బొగ్గుగనిలో మందుగుండు పేల్చే ముందు అందర్నీ దూరం పొమ్మని అరవడం ఆయన డ్యూటీ. బయటా అదే గొంతు. కానీ అమెరికాలో ఉన్న చెల్లెలి మొగుడికి ఫోన్ కలిస్తే మాత్రం చెప్పులు విడిచి, లేచి నిలబడి, మెత్తగా "బావా, తిన్నవా?" అనేవాడు.

ఆ బావ చెల్లెల్ని కొడతాడని నాకు చెప్పింది ఆయనే.

"మరి గట్లెందుకు మాట్లాడుతవే అన్నా?" అని ఒకసారి అడిగాను.

"చెల్లెకిచ్చిన గ్రీన్‌కార్డు పెండ్లి నిలవాలె అన్న షరతుల మీద ఇచ్చింది తమ్మీ. షరతులు తియ్యమని మొగడు పెండ్లాం ఇద్దరు దస్కతులు పెట్టిన్రు. ఏడాది దాటింది, జవాబు లేదు. ఈ లోపల వాడు అడ్డం తిరిగితే చెల్లెను ఆ దేశంలకెల్లి ఎల్లగొడ్తరేమోనని ఫికరు. ఆడ పుట్టిన దాని పాప ఆడనే ఉండిపోతది. కార్డు రానీ, అప్పుడిను నా గొంతు."

వానాకాలంలో కార్డొచ్చింది. షిఫ్టు దిగి, ఆ మసి బట్టలతోనే వచ్చాడు. ఈసారి చెప్పులు విడవలేదు. ఫోన్ కలిసింది. మెడ నరాలు ఉబ్బాయి. చౌరస్తా అంతా వింటుందని నేను లేచి బూత్ తలుపు మూయబోయాను.

"బావా, తిన్నవా?" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక నా ముఖం చూడలేదు.

"కార్డొచ్చింది గని, చెల్లె ఇంకా వాని ఇంట్లనే ఉన్నది గద తమ్మీ" అన్నాడు.

ఆ మాట కూడా మెల్లగానే అన్నాడు.