అనుమతి లేని బోరు

"బంద్ దినం బోరేంది? జెండ పట్టుకొని పోయినోనివి, అట్లనే ఉండొద్దా?"

"గందుకే ఇయ్యాల. ఆఫీసోళ్లంత సమ్మెల ఉన్నరు, అడిగేటోడు లేడు. నువ్వు బిందెలు కడిగిపెట్టు పో."

నా మొగుడూ నేనూ ఆఖరుసారి మాట్లాడుకున్నది ఇదే. నల్లగొండ దిక్కు నుంచి బతకడానికొచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక అపార్ట్‌మెంటుకు కాపలా ఉన్నాం. మా ఊరి నీళ్లు పళ్లను గారపట్టించాయి, మోకాళ్లు వంచేశాయి. రాష్ట్రమొస్తే మన నీళ్లు మనకొస్తాయని ఆయన ఊరేగింపుల్లో గొంతు పోయేలా అరిచేవాడు.

ఆ ఏడు వానల్లేవు. అపార్ట్‌మెంటు బోరు ఎండింది. కొత్తది వేయాలంటే చట్టముంది, అనుమతి కావాలి. సర్కారు చేతిపంపు పక్కనుంటే అనుమతి రాదు. మా గోడ అవతలే బస్తీ చేతిపంపు.

"బంద్ రోజు కానిచ్చెయ్యవయ్యా, మీ వాళ్ల సమ్మే కదా!" అని నవ్వింది కోస్తా ఓనరమ్మ.

"జై తెలంగాణ అనుర్రి అమ్మా, నీళ్లు పడ్తయ్" అని ఆయనా నవ్వాడు.

బోరు లారీ స్తంభం లేపుతుంటే కరెంటు తీగకు తగిలింది. ఆయన చెయ్యి లారీ మీదుంది. మలక్‌పేట దవాఖానకు చేరేసరికే ప్రాణం లేదు. మెడలో ఉద్యమ కండువా చూసి, దవాఖాన గేటు దగ్గర ధర్నా చేస్తున్న ఉద్యమంవాళ్లు అమరుడన్నారు. ఎల్బీనగర్ చౌరస్తాలో ఫోటోతో ఫ్లెక్సీ కట్టారు. నేను బోరు సంగతి చెప్పబోతే, "ఊకో అక్కా, ఇజ్జత్ పోతది" అన్నారు.

తరువాత అక్కడే బోరు వేశారు. నీళ్లు పడ్డాయి. కొన్నాళ్లకు చేతిపంపు గాలి కొట్టింది. బస్తీ ఆడవాళ్లు ఖాళీ బిందెలతో నా ముందునుంచే పోయేవాళ్లు. అమరుడి పెండ్లాన్ని ఎవరేమంటారు? ఒక ముసలామె మాత్రం ఆగింది.

"గా ఫ్లెక్సీల ఉన్నది నీ మొగుడేనా? మా నీళ్లు గుంజింది గూడ గాయనేనా?"

"అవునవ్వా" అన్నాను.

రాష్ట్రం వచ్చింది. చట్టం అలాగే ఉంది. పంపు పిడి ఊడి, అలాగే ఉంది.

నేను చెప్తుంటే ఇదంతా రాస్తున్నది మా అక్క బిడ్డ, చైతన్యపురి హాస్టల్లో చదువుకుంటోంది. ఇప్పుడే కలం ఆపి అడిగింది.

"చిన్నమ్మా, అమరుడని రాస్తే మంచిగుంటది గద?"

"నీళ్ల కోసమే సచ్చిండు బిడ్డా. ఎవల నీళ్ల కోసమో గది గూడ రాయి. బోరు కాడ సచ్చిండని రాసినవా లేదా? మొదటికెల్లి సదువు, వింట."