నాలుగు కంప్యూటర్ల నిద్ర

గ్రంథాలయంలో కంప్యూటర్లు చూసుకునే ఆవిడని అందరూ మెషీనక్క అంటారు. పదేళ్లలో ఆవిడ నోట "నాదే తప్పు" అన్న మాట ఎవరూ వినలేదు.

కంప్యూటర్లు రోజుకి ఎంతసేపు నిద్రలో ఉంటున్నాయో అవి తమంతట రాసుకునే లాగ్‌ల నుంచి లెక్కగట్టే స్క్రిప్టు ఆవిడే రాసింది. పదింటిలో నాలుగు రోజంతా పడుకునే ఉంటున్నాయని తేలింది. గ్రంథాలయం పెద్దసారు ఆ లెక్క కాగితం చూసి, "నాకంటే వీటి బతుకే నయం. వేరే శాఖకి పంపేద్దాం," అని బండి పిలిపించారు.

తీరా విప్పబోతే ఆ నాలుగింటి ముందూ జనం ఉన్నారు. ఉద్యోగాల దరఖాస్తులు నింపుకుంటున్నారు. అక్క గతుక్కుమని లాగ్ తెరిచింది. ఆ నాలుగూ ఉన్న వరసకి వాచ్‌మన్ రోజూ మూసేవేళ కరెంటు తీసేస్తాడు. అవి నిద్రలో ఉండగానే కరెంటు పోవడంతో పడుకున్న గుర్తు ఉంటోంది, లేచిన గుర్తు పడట్లేదు. పొద్దున ఆన్ చేసినా స్క్రిప్టు ఇంకా నిద్రే అనుకుని లెక్కపెట్టుకుంటూ పోయింది.

చెప్తే పరువు పోతుంది, చెప్పకపోతే కంప్యూటర్లు పోతాయి. అక్క సారు గదిలోకి వెళ్లింది.

"సార్, అవి పడుకోలేదు. నా స్క్రిప్టే పడుకుంది. తప్పు నాదే."

సారు కళ్లజోడు తీసి ఆవిడని ఎగాదిగా చూశారు. తర్వాత ఫోనందుకుని, "బండి తిప్పి పంపించెయ్యండి," అన్నారు.