బోర్డు మీద పదకొండో పేరు

ఆడపిల్లల సేవాదళం హాల్లో నల్లటి చెక్క బోర్డు ఒకటి ఉంది. ఏటా ఒక్క అమ్మాయికే ఇచ్చే బంగారు పతకం ఎవరికి దక్కిందో ఆ పేరు దాని మీద బంగారు రంగుతో రాస్తారు. దళానికి నలభై ఏళ్ళు నిండుతున్నాయని ఆ బోర్డు కొత్తగా రాసే పని పెయింటరమ్మకు అప్పజెప్పారు. ఆవిడెవరో కమిటీలో ఎవరికీ గుర్తులేదు. ఆవిడకు మాత్రం అన్నీ గుర్తున్నాయి.

పదహారేళ్ళప్పుడు ఆవిడా ఆ దళంలో పిల్లే. బట్టల ఫ్యాక్టరీ గేటు పక్కన మెట్ల మీద, షిఫ్టు దిగిన ఆడవాళ్ళను కూర్చోబెట్టి ఎనిమిది నెలలు చదువు చెప్పింది. వేలిముద్రలు వేసే పద్నాలుగు మంది సంతకం నేర్చుకున్నారు. ఏ రోజు ఎవరొచ్చారో, ఎవరు ఏ అక్షరం దగ్గర ఆగారో ఒక పుస్తకంలో రాసి దళనాయకురాలికి ఇచ్చింది. పిల్లలంతా ఆ నాయకురాలిని కెప్టెనమ్మ అనేవారు.

“పుస్తకం ఎక్కడో పోయిందే. వచ్చే ఏడు చూద్దాంలే,” అంది కెప్టెనమ్మ.

వారం తిరక్కుండా తన మేనకోడల్ని వేదిక మీదికి పిలిచి, “ఫ్యాక్టరీ ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పిన అమ్మాయి” అని మైకులో చెప్పి, పతకం మెడలో వేసింది. వచ్చే ఏటికి పెయింటరమ్మకు వయసు దాటిపోయింది.

“సొమ్మొకరిది, సోకొకరిది. వదిలేయ్ తల్లీ,” అన్నాడు బోర్డులు రాసే నాన్న. ఆవిడ ఏడుపు మానింది గానీ వదల్లేదు. నాన్న దగ్గరే కుంచె పట్టింది, ఆయన పోయాక కొట్టు నడిపింది. పెళ్ళయింది, పిల్ల పుట్టింది. కడుపులో మంట మాత్రం చల్లారలేదు.

ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత బోర్డే నడుచుకుంటూ కొట్టుకొచ్చింది. పాత అక్షరాలను ఆవిడ గరుకు కాగితంతో రుద్దింది. పదకొండో పేరు ఆ మేనకోడలిది; దాని దగ్గర కాస్త ఎక్కువే రుద్దింది. నలుపు రెండు పూతలు వేసి, సుద్ద దారంతో గీతలు కొట్టి, కమిటీ ఇచ్చిన కాగితం చూస్తూ ఒక్కో పేరూ రాసింది. పదకొండో గీత దగ్గర కాగితం పక్కన పెట్టి, తన పేరు రాసుకుంది, ఇంటిపేరుతో సహా.

“అమ్మా, అది తప్పు కదా?” అంది కూతురు.

“తప్పు అప్పుడు రాశారు. నేను దిద్దుతున్నా.”

సభ రోజు పొద్దున్నే బోర్డుకు గుడ్డ చుట్టి తనే పంపింది. ఫ్యాక్టరీలో పనిచేసిన ముగ్గురు ముసలమ్మలను వెంటబెట్టుకెళ్ళి చివరి వరసలో కూర్చోబెట్టింది.

గుడ్డ తీశారు. డెబ్భై అయిదేళ్ళ కెప్టెనమ్మ కళ్ళజోడు సర్దుకుని మైకులో పేర్లు చదవసాగింది. తొమ్మిది, పది అయ్యాయి. పదకొండో పేరు కూడా గొంతెత్తి చదివేసి, అప్పుడు ఆగింది.

ముందు వరసలో మేనకోడలు చివాల్న లేచింది. “అత్తా, అక్కడ నా పేరుండాలి కదా!”

“నీ పేరెందుకుంటుందమ్మా?” అంది వెనక నించి ఒక ముసలమ్మ. “ఆ మెట్ల మీద నిన్నెప్పుడూ చూళ్ళేదే. మా చేత పలక పట్టించింది ఈ పిల్ల!”

పెయింటరమ్మ లేచి నిలబడింది. “పుస్తకం పోయిందన్నారుగా కెప్టెనమ్మా. దొరికిందా?”

కెప్టెనమ్మ మైకు పక్కన పెట్టింది. మంచినీళ్ళడిగి కూలబడింది. ఆ ముఖం చూస్తే తనకు జాలి పుడుతుందేమోనని పెయింటరమ్మ కాసేపు చూసింది. పుట్టలేదు.

మర్నాడు కమిటీ వాళ్ళొచ్చి మండిపడ్డారు, ఇక మీ మొహం చూపించొద్దన్నారు. ఎవరి పేరుండాలో తేల్చుకోలేక, చివరికి ఇంకో పెయింటర్ని పిలిచి ఆ గీత మీద నలుపు పూయించారు.

కొన్నాళ్ళకు మేనకోడలు కొట్టుకొచ్చింది. “మా అమ్మాయి ఇప్పుడు దళంలో ఉందండీ. నీ పేరేదీ అని రోజూ అడుగుతోంది. అక్కడ నా పేరుంటే అభ్యంతరం లేదని మీరొక్క మాటంటే కమిటీ ఒప్పుకుంటుంది. అప్పుడు నాకు పదిహేనేళ్ళు, అంతా అత్తే చేసింది.”

“మీ అమ్మాయికి నిజం చెప్పు.”

“చెబితే నా పేరు మళ్ళీ రాస్తారా?”

“రాయను. అయినా చెప్పు,” అంది పెయింటరమ్మ, కుంచె కిరసనాయిల్లో ముంచి కడుక్కుంటూ. మేనకోడలు గుమ్మం దిగి వెళ్ళేదాకా తలెత్తలేదు.