దవాఖానకు కట్టుకుపోయిన చీర

హుజూరాబాద్‌లో మా ఇంట్లో మగ్గం పొద్దంతా ఆడేది. దాని మీద నేసిన చీరలన్నీ అమ్మకానికే పోయేవి, ఒక్కటైనా మా అవ్వ ఒంటి మీదికి రాలేదు. అలాంటిది, నేను పి.యు.సి.లో చేరిన ఏడు బాపు నా కోసం ఎర్రంచు చీర నేశాడు, డాక్టరు ముందుకు కట్టుకుపోవడానికి.

చిన్నప్పుడు జ్వరమొచ్చి నా ఎడమ కాలు చచ్చుబడింది. పాత మగ్గం కట్టె చెక్కి, తోలు పట్టీలు కుట్టి బాపు చేసిన ఆసరా కాలికి కట్టుకుని నడిచేదాన్ని. కాలేజీ మెట్లెక్కి దిగేసరికి అది నెలకోసారి విరిగేది. నాలాంటి విద్యార్థులకు సర్కారు ఇనుప పట్టీల బూటు ఇప్పిస్తుందని, డాక్టరు సంతకం ఉంటే చాలని మా లెక్చరర్ చెప్పాడు. ఆ సంతకం దొరక్కపోతే నా చదువు మెట్ల కిందే ఆగిపోతుంది.

పెద్దమనుషుల ముందుకు మాసిన బట్టతో పోతే మగ్గానికే పరువు తక్కువని మావాళ్ల పట్టింపు. గంజి పెట్టిన కొత్త చీర కట్టుకుని బాపుతో సర్కారు దవాఖానకు బస్సెక్కాను. ఆ కుచ్చిళ్లు కాలి కట్టెను పూర్తిగా కప్పేశాయి. డాక్టరు కాగితం చూశాడు, నన్ను చూశాడు, కాలు మాత్రం చూడలేదు.

"గింత మంచి చీర కట్టుకొని, నడుచుకుంట వచ్చినవ్. నీకు సాయమెందుకమ్మా? లేనోళ్లకు ఇయ్యాలె," అన్నాడు.

బయట అటెండరు జాలిపడ్డాడు. "చినిగిన బట్టలతోని పాక్కుంట రా బిడ్డా. అప్పుడు ఇస్తరు."

బాపు తల దించుకున్నాడు. "నాదే తప్పు బిడ్డా. గా చీర నెయ్యకపోతే పని అయితుండె," అన్నాడు. ఆ మాటకు నా ఒళ్లు మండిపోయింది. కాలు చూడని మనిషి లోపల ఫ్యాను కింద కూర్చుంటే, చీర నేసిన మనిషి తల దించుకోవాలా?

అక్కడే బెంచీ మీద కూర్చుని పట్టీలు విప్పాను. గోడ పట్టుకుంటూ ఒంటికాలి మీద లోపలికి పోయి, ఆ కట్టెను డాక్టరు కాగితాల మీద పెట్టాను.

"ఇది మా బాపు చేసిండు సార్. గీ చీర గూడ బాపే నేసిండు. చీరైతే మేం నేసుకుంటం. కాలు నేసుకోలేం."

అరిగిన తోలు పట్టీలను ఆయన కాసేపు చూశాడు. కూర్చోమన్నాడు. సంతకం పెట్టేదాకా టేబుల్ అంచు పట్టుకుని నిలబడే ఉన్నాను.

బూటు వచ్చింది. మరుసటి ఏడు సర్కారు నుంచి మళ్లీ కబురొచ్చింది, కాలు ఇంకా అలాగే ఉందని డాక్టరుతో రాయించుకు రావాలట. బాపు పరేషానై నా మొహం చూశాడు.

"ఇంకో చీర నెయ్యి బాపూ," అన్నాను. "ఈసారి అంచు జర పెద్దగుండాలె."