టేక్ అన్న మాటకు నెల రోజులు

టీచరమ్మ బుధవారం పొద్దున చనిపోయింది. కొత్తగూడలో మా గల్లీ చివర కిరాయి ఇంట్లో ఉండేది. గుంటూరు వైపు బడిలో పాఠాలు చెప్పి, రిటైరయ్యాక ఇటు వచ్చింది. మట్టి చేసేటప్పుడు పాస్టరుగారు, ఉద్యోగం అయ్యాక ఆమె విశ్రాంతిగా బతికింది అన్నారు. అది తప్పు. నాకు చదువు రాదు గనక నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. ఆమె విశ్రాంతిగా లేదు. మాకు ఇంగ్లీషు నేర్పింది.

మేము ఐదుగురం ఆడవాళ్లం, కొత్తగా లేచిన అద్దాల మేడలో ఊడ్చే పని మాది. లోపల అందరిదీ ఇంగ్లీషే. సాయంత్రం డ్యూటీ దిగి ఆమె వరండాలో కూర్చునేవాళ్లం. మొదటిరోజు పలక తెచ్చింది. నేను లేచి నిలబడ్డాను.

"ఈ వయసుల అచ్చరాలు నాకొద్దు. మాట చెప్పు, చాలు."

ఆమె పలకను గోడకు ఆనించింది. మళ్లీ ఎన్నడూ ముట్టుకోలేదు. వారానికి ఒక మాట చెప్పేది. టేక్ అన్న మాటకు మాత్రం నెల పట్టింది. గ్లాసు అందుకుంటే టేక్. టీ తాగితే టేక్. మాత్ర మింగడం, బస్సెక్కడం, ఫొటో తీయడం, సెలవు పెట్టడం, చెప్పులు విప్పడం, అన్నిటికీ అదే. ఒక్కొక్కటీ తానే చేసి చూపించేది. మాకోసం చెప్పులు విప్పి, తొడిగి, మళ్లీ విప్పేది.

"ఇంగ్లీషోళ్ల తాన గింతే మాటలా? గరీబోళ్లా ఏంది?" అన్నాను.

"మనం మాత్రం? అన్నం పెడతాం, బొట్టు పెడతాం, పేరు పెడతాం. మీరైతే రోజూ తగవు పెడతారు. అక్కా, ఆ ఒక్క మాటనే పట్టుకోకండి. పక్కన ఏముందో వినండి. మనిషి చెయ్యి ఎటుందో చూడండి."

ఆ ఎండాకాలం కొత్త మేనేజరు వచ్చాడు. ఇంగ్లీషు రాని ముసలివాళ్లను బయట కడుతున్న ఇంకో మేడకు రాళ్లు మోయడానికి పంపుతానన్నాడు. నా మోకాళ్లు ఆ పనికి ఆగవు. వచ్చి నా తరఫున చెప్పమని టీచరమ్మను అడిగాను. వచ్చింది గానీ గేటు దగ్గరే ఆగింది.

"నేను లోపలికి రానండీ. మీరే మాట్లాడండి."

"నోరుంది గద నీకు. జర చెప్తే ఏం పోతది?"

"నేను చెబితే రేపూ నేనే రావాలి. ఎన్నాళ్లని వస్తాను?"

అక్కడే నిలబెట్టి తిట్టాను. ఆ కోపంతోనే లోపలికి పోయాను. మేనేజరు గబగబా ఏదో అన్నాడు. నాకు అందింది టేక్, దాని పక్కన కప్స్. ఆయన చెయ్యి మూలనున్న బల్ల వైపు ఉంది. ఎంగిలి కప్పులన్నీ ట్రేలో సర్ది ఎత్తుకుని, "టేక్ కిచెన్, సార్?" అన్నాను. ఆయన తలూపాడు. నన్ను లోపలే ఉంచాడు.

బయటికి వస్తే ఆమె ఎండలో ఇంకా అక్కడే ఉంది. చేతిలోని నీళ్ల సీసా అందించింది. తిట్టినందుకు తప్పయిందని నేను అనలేదు. ఇవ్వాళ అంటాను, రేపంటాను అని ఏడాది గడిపాను.

మట్టి చేసిన మర్నాడు డ్యూటీకి వచ్చాను. నాలుగో అంతస్తు అద్దం దగ్గర నిలబడి కిందికి చూశాను. ఎండలో ఆడవాళ్లు తట్టలతో రాళ్లు మోస్తున్నారు. ఒకామె తట్ట దించి, కొంగుతో మొహం తుడుచుకుని, తలెత్తి నా వైపే చూసింది. చెయ్యి ఊపాను. ఆమె ఊపలేదు. అటునుంచి చూస్తే ఈ అద్దంలో ఆకాశం తప్ప ఏమీ కనపడదు.