అంతోనివారి ఉప్పు దొప్పలు

ఇల్లందు దాటి అడవి మొదలయ్యేచోట ఒక క్రైస్తవుల వాడ ఉంది. అక్కడి వాతావరణ శాఖ సంపూర్ణ అనే ఆమె చేతుల్లో ఉంది. ఆ శాఖకు జీతం లేదు, కార్యాలయం లేదు, కిందటేటి నుంచి పరువు కూడా లేదు.

ఏటా జనవరిలో పునీత వనవాసి అంతోనివారి పండుగ వస్తుంది. ముందురోజు పొద్దు వాలే వేళకు సంపూర్ణ చర్చి వరండాలో, పునీతుడి విగ్రహం పాదాల దగ్గర, పన్నెండు మోదుగాకు దొప్పలు వరుసగా పెట్టి, ఒక్కోదానిలో గుప్పెడు దొడ్డుప్పు పోస్తుంది. దొప్పకో నెల. తెల్లవారి పూజకు ముందు ఏ దొప్పలో ఉప్పు చెమ్మగిల్లి ఉంటే ఆ నెల వాన. ఇది అత్త నుంచి వచ్చిన విద్య. అత్తకెవరు నేర్పారో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అత్త అటువంటిది.

కిందటేడు జూన్, జూలై దొప్పలు నీళ్లు కారాయి. సంపూర్ణ ప్రకటించింది, జనం పత్తి గింజలు పెట్టారు. ఆ రెండు నెలలూ ఆకాశం తోమిన గిన్నెలా మెరిసింది. గింజ మట్టిలోనే మాడింది.

"ఉప్పు చెప్పింది, వాన రాలే. పోయి వాననడుగుండ్రి," అని సంపూర్ణ తన శాఖ తరఫున వివరణ విడుదల చేసింది.

ఈ ఏడు చర్చి కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు షాలేమ్‌రాజు బొగ్గు గనిలో పనిచేసి రిటైరైనవాడు. భూమి లోపల ఉన్నంతకాలం అతనికి ఆకాశంతో పని పడలేదు, ఇప్పుడు ఫోన్‌లో చూసుకుంటున్నాడు. దొప్పలు వద్దనడానికి కమిటీ రెండు కారణాలు చెప్పింది. ఉప్పునీళ్లకు వరండాలోని కొత్త గ్రానైటు పాడవుతుందన్నది మొదటిది, మూఢనమ్మకమన్నది రెండోది. ఫాదర్ ఇన్నయ్య ఒకసారి అవునన్నట్టు, ఒకసారి కాదన్నట్టు తల ఊపారు. పండుగ ముందురోజు సాయంత్రం వరండా గ్రిల్లుకు తాళం పడింది.

ఉప్పు సంచితో వచ్చిన సంపూర్ణ తాళాన్ని చూసింది. ఆమె దిగులు తాళం గురించి కాదు, జంపక్క గురించి. జంపక్క పక్క కోయగూడెం మనిషి. అంతోనివారు ఆమె దేవుళ్లలో లేరు. అయినా ఏటా అడవి నుంచి ఆకులు తెచ్చి దొప్పలు కుట్టేది ఆమే. కిందటేడు అందరికంటే ఎక్కువ నష్టపోయిందీ ఆమే. ఆమె రాకపోతే ఈ ఉప్పును నమ్మే ఆఖరి మనిషి కూడా పోయినట్టే.

జంపక్క చంకలో ఆకుల కట్టతో వచ్చింది.

"రావనుకున్ననే."

"ఎందుకు రాను?"

"నీ గింజ మాడె కదా."

"మాడింది నాది. తిడితే నేను తిట్టాలె. నడుమ తాళమేసెటోళ్లెవరు?"

అని ఊరుకోలేదు. కూర్చుని, దొప్పలు కుడుతున్నంతసేపూ తీరిగ్గా తిట్టింది. సంపూర్ణ తలొంచుకుని పుల్లలు అందించింది.

షాలేమ్‌రాజు గేటు దగ్గరికి వచ్చాడు. "సంపూర్ణక్కా, కమిటీ వద్దన్నది."

"వరండాల వద్దన్నరు. ప్రహరీ మీద వద్దన్నరా?"

కమిటీ ప్రహరీ గురించి ఆలోచించలేదు. దొప్పలు ఆరుబయట గోడెక్కాయి.

తెల్లవారేసరికి ఎదుటి మనిషి కనపడనంత మంచు. పూజకు వచ్చిన జనం గోడ దగ్గర ఆగారు. పన్నెండు దొప్పల్లోనూ నీళ్లే.

షాలేమ్‌రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏందక్కా, మే నెలల కూడ వానేనా? ఎండకాలం బందయిందా?"

"అవ్," అంది సంపూర్ణ. "లోపల పెడితె రెండు మూడు తడిసేటియి. నువ్వు తాళమేసినవ్, ఏడాదంత తడిసింది. రేపు వాగు ఇండ్ల మీదికొస్తె ఎవరి పేరు చెప్పాలె?"

నవ్వు ఆగింది. జనమంతా అధ్యక్షుడి వైపు, వరద గేట్లు ఎత్తినవాణ్ణి చూసినట్టు చూశారు.

"సరే, ఇయ్యాల మళ్ల పెట్టరాదు," అన్నాడు షాలేమ్‌రాజు గొంతు తగ్గించి. "గ్రిల్లు తీస్త."

"పునీతుడేమన్న నీ లెక్క షిఫ్టు డ్యూటీ చేస్తడా, మళ్ల మళ్ల రానీకి? ఏడాదికి ఒక్కపాలే."

ఫాదర్ ఇన్నయ్య తొందరగా పూజ గంట కొట్టించారు. ఆరోజు ప్రసంగంలో ఆయన జలప్రళయం నాటి నోవహు ఊసే ఎత్తలేదు గానీ, విన్నవాళ్లంతా నోవహునే విన్నారు.

పూజ అయ్యేదాకా జంపక్క గోడ దగ్గరే కూర్చుంది. సంపూర్ణ బయటికి రాగానే అడిగింది:

"అయితె ఈయేడు వరేనా అక్కా?"

సంపూర్ణ ముందు దొప్పల వైపు, తర్వాత జంపక్క వైపు చూసింది.

"వరే. మడిల వరి పెట్టు, మెరకల కందులు చల్లు. రెండూ పోతె ఏడాదంత నా ఇంట్లనే తిను."

"కూరేంది?" అంది జంపక్క.