గుట్ట మీది ఊరికి దారి

తొంభైల్లో ఒకసారి బాన్సువాడలో బస్సెక్కి, గుట్ట కింద దిగాను. పైనున్న ఊరికి నడిచే పోవాలి. దారి అడిగితే, చాయ్ హోటల్ అవ్వ ఒక కిరోసిన్ డబ్బా చేతికిచ్చింది.

"నేనేమన్నా హమాలీనా అవ్వా?" అన్నాను.

"పైకి వొయ్యేటోళ్లు ఉత్త చేతులతోని వోరు బిడ్డా. దారి గురించి ఫికర్ జెయ్యకు."

చిరాకుగానే ఎక్కాను. దారి చీలిన ప్రతిచోటా మేకలు కాసేవాళ్లు నా మొహం చూడలేదు. డబ్బాకు కట్టిన ఎర్ర పేలిక చూసి, "గది దర్జీ అక్కది, గిట్ల ఎడమకు వో" అన్నారు. పైన ఆ అక్క కూడా నేనెవరో అడగలేదు. డబ్బా అందుకుని, వేడి జొన్నరొట్టె పెట్టింది.

ఆ ఊరికెలా వెళ్లాలని ఎవరడిగినా నేను చెప్పేది ఒక్కటే: చేతులు ఖాళీగా ఉంచుకుని బస్సు దిగండి.